1968 ఫియట్ డిలైట్: అరిగిన పార్టులు బాగు చేయించాలా, తీసేసి కొత్తవి వేయించాలా?

అరండల్‌పేట_డిలైట్ (గుంటూరు)
ఆదివారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారమండీ. మాది గుంటూరు, అరండల్‌పేట. మా తాతగారు కొన్న 1968 ఫియట్ 1100 డిలైట్ ఉంది మా ఇంట్లో. ఆయన పొగాకు కొనుగోళ్ళకి చిలకలూరిపేట, ఒంగోలు, కందుకూరు అన్నీ దీంట్లోనే తిరిగేవారు, తర్వాత నాన్నగారు 1997 దాకా నడిపి షెడ్డులో పెట్టేశారు. టార్పాలిన్ కప్పి ఉంచాం గానీ ఎలకలు, చెమ్మ వాటి పని అవి చేశాయి. పోయిన సంక్రాంతికి బయటికి లాగించి, ట్యాంకు కడిగించి, కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడితే నాలుగోసారికి ఇంజన్ అందుకుంది. నాన్నగారు ఏమీ మాట్లాడలేదు, సైలెన్సర్ గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి పొగ చూసుకున్నారంతే.

ఇప్పుడు సమస్యలు చెప్తా. బ్రేకు తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా కిందకి దిగిపోతోంది, బయట ఎక్కడా ఫ్లూయిడ్ కారట్లేదు. 40 దాటితే స్టీరింగ్ వణుకుతోంది. ఐడిలింగ్ నిలబడట్లేదు, పెరుగుద్ది, తగ్గుద్ది, ఆగిపోద్ది. స్టీరింగ్ పక్కనుండే చేతి గేరు లూజు. డైనమో చార్జింగ్ అంతంతమాత్రం. ముందు బంపరు తుప్పు.

ఇక్కడ ఒక గ్యారేజీకి తీసుకెళ్తే ఆయన బండి చుట్టూ ఒక రౌండు తిరిగి, కార్బురేటర్ పడేసి మారుతీ 800 ది వేద్దాం, మాస్టర్ సిలిండర్ కొత్తది, డైనమో తీసి ఆల్టర్నేటర్, బంపర్లు కొత్తవి, కావాలంటే ఇంజనే మారుతీది దించుదాం, పాత ఇనుము మీద డబ్బులు పొయ్యమాకండి అన్నాడు. ఏదీ విప్పి చూడలేదు. నాకేమో తాతగారు పట్టుకున్న ప్రతి ముక్కా ఉంచుకోవాలని ఉంది, అలాగని నాన్నగారిని ఎక్కించుకుని బ్రేకుల్లేని బండి నడపలేను. ఆయనకి 74. ఒక్కసారి అమరావతి గుడి దాకా దీంట్లో వెళ్ళొద్దాం అంటున్నారు. ఏవి బాగు చేయించాలి, ఏవి మార్చాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.


లేత్_ఆటోనగర్ (విజయవాడ)
ఆదివారం, రాత్రి 10:15

తమ్ముడూ, ముందు ఆ బండి రోడ్డెక్కించడం ఆపు. ఐడిలింగ్, బంపరు తర్వాత చూద్దాం. పెడల్ మెల్లగా దిగుతా బయట కారకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని చక్రాలకి తోసేది) లోపలి కప్పు, అంటే రబ్బరు సీలు, ఫ్లూయిడ్‌ని వెనక్కి వదిలేస్తందని అర్థం. నీ బండికి బ్రేకు లైను ఒక్కటే, ఇప్పటి బళ్ళకి రెండు ఉంటాయి, ఒకటి పోయినా ఇంకోటి పట్టుద్ది. నీదానికి నాలుగు చక్రాల్లో ఎక్కడ ఒక్క కప్పు చిరిగినా నాలుగూ పోతాయి.

అయినా సిలిండర్ పడెయ్యమాకు. విప్పి, బోరు లోపల గోరుతో గీసి చూడు. గోరుకి తగలకపోతే సన్నగా హోనింగ్ చేసి, అంటే లోపల రాయితో రుద్ది నునుపు చేసి, కొత్త కప్పులు వేస్తే చాలు. గుంటలు తగిలితే మాత్రం హోనింగ్‌తో పోవు, పోయేదాకా రుద్దితే బోరు పెద్దదైపోద్ది, కప్పు పట్టదు. అప్పుడు బోరు చేసి స్టెయిన్‌లెస్ స్లీవ్, అంటే లోపల సరిపోయే సన్నటి గొట్టం, దించాలి. నేను 31 ఏళ్ళుగా లేత్ మీద ఉన్నా, పాత పోత సిలిండర్‌కి స్లీవ్ వేస్తే మళ్ళీ తుప్పన్న మాట ఉండదు.

కానీ ఒక్క సంగతి, ఎవరి దగ్గర చేయించినా అడుగు. పెడల్ వదిలేశాక ఫ్లూయిడ్ తిరిగి డబ్బాలోకి పోవడానికి బోరులో సూది మొన లాంటి రంధ్రం ఒకటుంటది. స్లీవ్ దించాక అది మూసుకుపోద్ది, స్లీవ్‌కి కూడా సరిగ్గా అదే చోట తియ్యాలి. తియ్యకపోతే తొక్కిన బ్రేకు వదలదు, డ్రమ్ములు కాలిపోతయ్. తీశాక కూడా లోపల అంచు గరుకు లేకుండా నున్నగా చెయ్యాలి, లేకపోతే కొత్త కప్పు పెదవి దాని మీద రాసుకుని వారంలో తెగుద్ది. స్లీవ్ పని చెడిందని తిట్టుకునేవాళ్ళలో సగం మంది బళ్ళకి ఈ రంధ్రం దగ్గరే తప్పు జరిగుంటది.


అంబీ_మార్క్2 (కానూరు)
సోమవారం, ఉదయం 7:05

మేస్త్రి గారి మీద గౌరవం ఉంది గానీ బ్రేకుల దగ్గర నా మాట వేరేనండీ. నాది 1971 అంబాసిడర్ మార్క్ 2, రోజూ కానూరు నుంచి బందరు రోడ్డు మీద ఆఫీసుకి నడుపుతా, పిల్లల్ని స్కూల్లో దించుతా. బెంజ్ సర్కిల్ దగ్గర ముందు ఆటోవాడు ఎప్పుడు ఆపుతాడో తెలీదు. బ్రేకు, స్టీరింగ్ ఈ రెండూ కొత్తవి దొరికినంత కాలం కొత్తవే వెయ్యాలి. పాత లోహం లోపల ఏ పగులు ఉందో కంటికి కనపడదు. మిగతావన్నీ ఎంత ఒరిజినల్‌గా ఉంచుకున్నా నాకు సంతోషమే, నా డాష్‌బోర్డు మీద గీత కూడా నేను చెరిపించలేదు. కానీ మనసు ఒప్పుకోవట్లేదని చక్రానికి సంబంధించిన దాన్ని ఉంచుకుంటే అది బండి మీద ప్రేమ కాదు, ఎక్కేవాళ్ళ మీద అజాగ్రత్త. తప్పుగా అనుకోవద్దు.


తెనాలి_హెరాల్డ్ (తెనాలి)
సోమవారం, ఉదయం 8:30

> కొత్తవి దొరికినంత కాలం కొత్తవే వెయ్యాలి

దొరికే కొత్తది ఎలాంటి కొత్తదో కూడా చూడాలి కదండీ. నా దగ్గర మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది, దీనికి పార్టు దొరకడమే పండగ. నాలుగేళ్ళ కింద ఒక షాపులో సీలు తియ్యని డబ్బాలో వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేకుని నొక్కేది) కిట్ దొరికింది, ఒరిజినల్ కంపెనీ డబ్బా, లోపల మైనం కాగితం కూడా చెక్కు చెదరలేదు. ఎంత సంబరపడ్డానంటే ఆ డబ్బా ఫొటో తీసి మా అన్నయ్యకి పంపించా. బిగించిన పదమూడో రోజు వెనక ఎడమ చక్రం లోపల మొత్తం తడి. విప్పితే కప్పు గట్టిపడిపోయి, వేళ్ళ మధ్య వంచితే పెళుసుగా చీలింది. రబ్బరు వాడకపోయినా ముసలిదవుద్దండీ, డబ్బాలో కూర్చునే ముసలిదవుద్ది. అప్పట్నుంచి లోహం అయితే పాత స్టాకు కళ్ళకద్దుకుని కొంటా, రబ్బరు మాత్రం ఈ మధ్య తయారైందే, డబ్బా మీద తేదీ లేకపోతే తీసుకోను.

ఇంకోటి, డిలైట్ గారూ, ఫ్లూయిడ్ డబ్బాలో ఎవరైనా ఇంజనాయిల్ గానీ పోశారేమో చూడండి. ఇన్నేళ్ళలో ఏ డ్రైవరో తెలీక పోసుంటాడు. పోస్తే కప్పులన్నీ ఉబ్బిపోతాయి, అప్పుడు లైన్లు మొత్తం కడిగించి, కప్పులు, హోసులు అన్నీ మార్చాల్సిందే, ఒకటో రెండో మారిస్తే లాభం లేదు.


అరండల్‌పేట_డిలైట్ (గుంటూరు)
సోమవారం, రాత్రి 8:50

అందరికీ థాంక్సండీ. బండి షెడ్డులోనే ఉంది, మేస్త్రి గారు చెప్పాక తియ్యలేదు. ఈ రోజు మాస్టర్ సిలిండర్ విప్పించా. గోరు తగులుతోంది, సరిగ్గా కప్పు ఆగే చోట నువ్వు గింజంత గుంటలు రెండు. ఆయిల్ ఎవరూ పొయ్యలేదు గానీ ఫ్లూయిడ్ బెల్లం పానకం రంగులో ఉంది, అడుగున బురద. స్లీవ్ వేయిస్తే మంచిదా, కొత్తది కొంటే మంచిదా అని ఇంకా ఊగుతున్నా.

స్టీరింగ్ వణుకు గురించి ఎవరూ చెప్పలేదు. కింగ్ పిన్నులు, అంటే ముందు చక్రాలు పక్కకి తిరగడానికి ఉండే పిన్నులు, అరిగాయి అంటున్నారు ఇక్కడ. అది ఎలా తేల్చుకోవాలి?


లేత్_ఆటోనగర్ (విజయవాడ)
సోమవారం, రాత్రి 9:20

జాకీ ఎత్తి, స్టాండ్ పెట్టి, టైరుని పైనా కిందా పట్టుకుని ఊపు. ఊగితే ఎవరినన్నా బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్ళీ ఊపు. బ్రేకు తొక్కగానే ఊగుడు ఆగిపోతే బేరింగ్, ఆగకపోతే కింగ్ పిన్నే. నీకు ఇప్పుడు బ్రేకు లేదు కాబట్టి ముందు బేరింగ్ నట్టు సరిగ్గా బిగించి చూసుకో.

కింగ్ పిన్ను అయితే పిన్ను, దాని చుట్టూ ఉండే బుష్షు రెండూ మార్చాలి. ఇక్కడ నేను అంబీ గారితోనే ఉంటా, అరిగిన పిన్నుకి వెల్డింగ్ పోసి గ్రైండింగ్ చేస్తాం అనేవాళ్ళుంటారు, చేయించమాకు. వేడికి ఆ ఉక్కు గుణం మారిపోద్ది, ఎప్పుడు విరుగుద్దో చెప్పలేం, చక్రం ఊడి పక్కకి పోద్ది. పిన్ను అనేది అరగడానికే పెట్టిన ముక్క. దాన్ని పట్టుకునే స్టబ్ యాక్సిల్ (చక్రం బిగించే ముక్క) మాత్రం ఒరిజినల్‌దే ఉంచు, అది ఫోర్జింగ్, అంటే కొట్టి చేసిన ఉక్కు, దాన్ని పగుళ్ళ పరీక్ష చేయించి వాడుకో. పిన్ను దూరే కన్ను కోలగా అరిగి ఉంటే బోరు చేసి కాస్త పెద్ద బుష్షు మేమే తయారుచేసి దించుతాం.


పటమట_బాబాయ్ (విజయవాడ)
మంగళవారం, ఉదయం 6:40

వెల్డింగ్ వద్దన్నది నిజమే. కానీ పిన్నుకి హార్డ్ క్రోమ్ (గట్టి క్రోమ్ పూత) పట్టించి గ్రైండ్ చేస్తే బాగానే ఉంటుంది మేస్త్రీ, నా ప్రీమియర్ పద్మినికి, అదీ ఈ ఫియట్ జాతిదే, అలా చేయించి పదకొండేళ్ళయింది. కొత్త కిట్‌లో వచ్చే పిన్ను ఉక్కు మెత్తగా ఉంటోంది, రెండేళ్ళకే వదులు.


లేత్_ఆటోనగర్ (విజయవాడ)
మంగళవారం, ఉదయం 7:10

బాబాయ్, మీరు చేయించింది పిన్ను కొద్దిగా అరిగినప్పుడు, రెండు మూడు థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు. అప్పుడు క్రోమ్ నిలబడుద్ది, ఒప్పుకుంటా. ఇరవై థౌ మెట్టు పడిన పిన్నుకి అంత మందం పట్టిస్తే పెచ్చులు లేస్తది. కొలవకుండా ఏదీ చెప్పలేం, మైక్రోమీటర్ పెట్టి పైన ఒక చోట, మధ్యలో ఒక చోట, కింద ఒక చోట చూడాలి. కొత్త కిట్లు మెత్తగా ఉంటన్నయ్ అన్నదీ నిజమే. ఆకురాయితో ఒక మూల గీసి చూడు, కరకరా తెగితే ఆ కిట్ తిరిగి ఇచ్చెయ్. రాయి జారిపోవాలి.

ఇంకా, బుష్షు నొక్కేటప్పుడు గ్రీజు రంధ్రం నిపిల్‌కి ఎదురుగా వచ్చిందో లేదో లైటు వేసి చూడాలి. పైదీ కిందదీ రెండూ ఒకే వరసలో పొడుగు రీమర్‌తో (రంధ్రం కొలతకి తీసే పనిముట్టు) తియ్యాలి, విడివిడిగా తీస్తే పిన్ను బిగుసుకుని స్టీరింగ్ వెనక్కి తిరగదు.


సింగ్‌నగర్_పద్మిని (విజయవాడ)
మంగళవారం, రాత్రి 10:05

ఈ చర్చ చదువుతుంటే నాది కూడా చెప్పాలనిపించింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు మా వీధిలోకి వచ్చినప్పుడు నా 1984 పద్మిని అద్దాల దాకా మునిగింది. రోజుల తరబడి నీళ్ళలోనే ఉంది. మేము పై అంతస్తులోంచి దాని కప్పు మీద తేలుతున్న చెత్త చూస్తా కూర్చున్నాం. నీళ్ళు తీశాక తలుపు తెరిస్తే సీటు మీద జానెడు బురద.

అప్పుడు అందరూ స్క్రాపుకి ఇచ్చెయ్యమన్నారు. కానీ విప్పే కొద్దీ నాకు ఈ బండి సంగతి తెలిసొచ్చింది. గేరాయిల్ డ్రెయిన్ తీస్తే పలచటి టీ రంగులో వచ్చింది, మూడుసార్లు డీజిల్‌తో కడిగి కొత్త ఆయిల్ పోశాం, గేర్లకి ఏమీ కాలేదు. రేడియేటర్ ఇత్తడి, రాగి, ఒక చోట మాటు వేస్తే చాలింది. కార్బురేటర్ విప్పి, జెట్లు ఊది, గాస్కెట్లు మార్చి బిగించాం. డైనమో ఎండబెట్టి, వార్నిష్ వేసి, బ్రష్షులు మార్చాం, తిరుగుతోంది. పోయినవేంటంటే బ్రేకు షూల లైనింగ్ ఊడి వచ్చేసింది, వైరింగ్ మొత్తం, తలుపుల లోపలి అట్టలు, వీల్ బేరింగులు. బేరింగ్ కడిగి బానే ఉంది కదా అని ఒకటి మళ్ళీ బిగించా, అది నా తప్పే, నెలకి గరగర మొదలుపెట్టింది, తీసి చూస్తే గుండ్ల దారిలో తుప్పు చుక్కలు. మా వీధిలోనే మునిగిన ఒక కొత్త కారుని రిపేరు లాభం లేదని బీమా వాళ్ళు పట్టుకుపోయారు, నా పద్మిని మూడు నెలలకి రోడ్డెక్కింది. విప్పి బాగు చేసుకునేట్టు కట్టిన బండిని విప్పకుండా తీర్పు చెప్పేవాళ్ళ మాట వినొద్దండీ.


కృష్ణలంక_వైరింగ్ (విజయవాడ)
బుధవారం, మధ్యాహ్నం 1:15

వైరింగ్ గురించి ఒక మాట. ఎలకలు ఉన్నాయి అన్నారు కదా, మొత్తం మార్చెయ్యండి, ఆలోచించొద్దు. పైన గుడ్డ చుట్టిన పాత వైరు చూడ్డానికి బాగుంటుంది, లోపల రబ్బరు పొడిలా రాలిపోతుంటుంది. ఆ బళ్ళలో ఫ్యూజులు చాలా తక్కువ, ఒక చోట బాడీకి తగిలితే డాష్‌బోర్డు వెనక మంటే. పాత హార్నెస్ (వైర్ల కట్ట) తీసేటప్పుడు కొయ్యొద్దు, మొత్తంగా తీసి నేల మీద పరిచి ఫొటోలు తీసి, అవే రంగులతో అదే పొడవుతో కొత్తది అల్లించండి, పైన గుడ్డ టేపు చుడితే తేడా తెలీదు.

డైనమో విషయం, ఐడిలింగ్‌లో చార్జింగ్ రాకపోవడం జబ్బు కాదు, డైనమో తీరే అంత, స్పీడు అందుకుంటే ఇస్తుంది. కమ్యుటేటర్ (డైనమోలో బ్రష్షులు రాసుకునే రాగి భాగం) లేత్ మీద సన్నగా తీయించి, రాగి ముక్కల మధ్య మైకా కాస్త లోతుకి గీయించి, బ్రష్షులు, బుష్షు మార్పిస్తే ఇంకో ఇరవై ఏళ్ళు. రాత్రిళ్ళు ఎక్కువ నడుపుతారు, లైట్లు కావాలి అంటే ఆల్టర్నేటర్ తప్పు కాదు, రంధ్రాలు కొత్తవి వెయ్యకుండా పాత బ్రాకెట్‌కే బిగించేట్టు చేయించి డైనమో దాచుకోండి.


బ్రాడీపేట_ఇంజనీర్ (గుంటూరు)
బుధవారం, రాత్రి 9:30

ఇంజన్ మార్పిడి మాట మాత్రం మర్చిపోండి డిలైట్ గారూ. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ బళ్ళకి విడిగా రిజిస్ట్రేషన్ తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది, మళ్ళీ చేయించుకోవడానికి 5,000. అయితే ఆ నంబరు తీసుకుంటే రోజువారీ తిరుగుళ్ళకి వాడకూడదు, ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలు కొట్టించుకోవడానికి, మెయింటెనెన్స్‌కి మాత్రమే. కాబట్టి తీసుకోవాలా వద్దా అన్నది మీ వాడకాన్ని బట్టి. మీది 1968 కాబట్టి అర్హత ఉంది. మారుతీ ఇంజన్ దించిన రోజు ఆ అర్హత పోతుంది, మళ్ళీ రాదు.

ఐడిలింగ్‌కి కార్బురేటర్ మార్చక్కర్లేదు. థ్రాటిల్ కడ్డీ రెండు చివర్లా దళసరి గ్రీజు రాసి ఇంజన్ ఆన్ చెయ్యండి, ఐడిలింగ్ సర్దుకుంటే గాలి అక్కడి నుంచి పీల్చుకుంటోందని తెలిసిపోతుంది. ఇత్తడి బుష్షులు వేయిస్తే సరి. కింద ఫ్లాంజ్ వంగిపోయి ఉంటుంది, ఇన్నేళ్ళు ఎవరికి వాళ్ళు గట్టిగా బిగించి ఉంటారు, అద్దం మీద ఎమరీ కాగితం పరిచి ఎనిమిది అంకె వేసినట్టు రుద్దించండి. జెట్లలో తీగ పెట్టి పొడవనివ్వొద్దు.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్, పాత రబ్బరు పైపుల్ని, పంపు డయాఫ్రమ్‌ని మెత్తబరుస్తుంది. ఆ రెండూ ఇథనాల్ తట్టుకునే రకం వేయించండి. ఎక్కువ రోజులు నిలబెట్టేట్టయితే ట్యాంకు ఖాళీ చేసి పెట్టండి, ఇథనాల్ చెమ్మని లాగుతుంది.


అరండల్‌పేట_డిలైట్ (గుంటూరు)
బుధవారం, రాత్రి 11:00

గ్రీజు రాశా. నిలబడింది! పది నిమిషాలు ఆగకుండా తిరిగింది. పడెయ్యమన్న కార్బురేటర్ ఇదే.

ఇంకో చిన్న ప్రశ్న, నవ్వుకోకండి. స్టీరింగ్ చక్రం మీద ఎడమ వైపు పైన ఒక చోట నునుపుగా అరిగి లోపలి రంగు కనపడుతోంది, తాతగారు అక్కడే చెయ్యి పెట్టి కుడి చెయ్యి కిటికీ మీద వేసేవారంట. పగుళ్ళు పూడ్చి మొత్తం కొత్తగా పాలిష్ చేయిస్తే బాగుంటుందని మా ఆవిడ అంటోంది. బంపర్లకి క్రోమ్ కూడా అడగాలి.


తెనాలి_హెరాల్డ్ (తెనాలి)
గురువారం, ఉదయం 7:45

నవ్వడం ఎందుకండీ. పగుళ్ళు పూడ్పించండి, చేతికి గుచ్చుకుంటాయి, చక్రం లోపలికి చెమ్మ పోతుంది. ఆ అరిగిన చోటుని మాత్రం ముట్టుకోనివ్వకండి. పని చేసే అబ్బాయికి అక్కడ కాగితం అంటించి ఇవ్వండి, లేకపోతే మంచి చేద్దామనే రుద్దేస్తాడు. క్రోమ్ మళ్ళీ పట్టేవాళ్ళున్నారు, ఆ అరుగుడు పట్టేవాళ్ళు ఎక్కడున్నారు.

బంపర్లు ఉంచుకోండి, పాత రేకు మందం. పాత పూత దింపి, సొట్టలు తీసి, రాగి, దాని మీద నికెల్, ఆపైన క్రోమ్ పట్టించాలి, నికెల్ సరిగ్గా పట్టించకుండా పైపైన క్రోమ్ వేస్తే రెండో వానాకాలానికే మచ్చలొస్తాయి. తలుపు పిడులు పోత లోహం అయితే, పొక్కులు వచ్చినవి మళ్ళీ పట్టించడం కష్టం, బఫింగ్‌లో అంచులు కరిగిపోతాయి, అవి అలాగే తుడుచుకుని ఉంచుకోవడం మేలు.


అరండల్‌పేట_డిలైట్ (గుంటూరు)
ఏడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:20

అందరికీ చెప్పాలని ఎదురుచూస్తున్నా. మాస్టర్ సిలిండర్‌కి ఆటోనగర్‌లోనే స్లీవ్ వేయించా, ఆ సూది రంధ్రం లైటు పెట్టి నాకు చూపించి మరీ ఇచ్చారు. వీల్ సిలిండర్లలో రెండు తప్ప మిగతావి బాగానే ఉన్నాయి, ఆ రెండూ కొత్తవి వేశాం, కప్పులు, హోసులు అన్నీ కొత్తవి. అంబీ గారూ, మీ మాట మర్చిపోలేదు, పెడల్ మీద పూర్తి బరువుతో అరగంట నొక్కి ఉంచి, గుర్తు పెట్టి, నూలు పోగంత కూడా దిగలేదని చూసుకున్నాకే రోడ్డెక్కించా. కింగ్ పిన్నులు కొలిస్తే ఒక వైపు 18 థౌ, రెండూ మార్చేశాం. మొదటి కిట్ ఆకురాయికి తెగింది, తిరిగి ఇచ్చేశా, రెండోది జారింది. వైరింగ్ కొత్తది. కార్బురేటర్ అదే, బంపర్లు అవే, చేతి గేరుకి నైలాన్ బుష్షులు రెండు తిప్పించి వేశారు, అంతే.

ఈ రోజు తెల్లారగట్ల అయిదున్నరకి బయల్దేరాం. గోరంట్ల దాటేదాకా నేను నడిపా. లాం దగ్గర నాన్నగారు ఆపమని, దిగి, ఇటు వచ్చి కూర్చున్నారు. ఇరవై ఎనిమిదేళ్ళ పైమాటే ఆయన ఈ బండి నడిపి. చేతికర్ర పక్కన పెట్టి, చెయ్యి చాపితే గేరు రాడ్ ఎక్కడుందో చూడకుండానే అందింది. కొంత దూరం పోయాక ఎడమ చెయ్యి తీసుకెళ్ళి ఆ అరిగిన చోట పెట్టారు, నేను చెప్పలేదు. అమరలింగేశ్వరస్వామి గుడి దాకా ఆయనే నడిపారు.

తీసేసిన పాత పార్టులన్నీ కడిగి, ఆయిల్ రాసి, తేదీ చీటీలు కట్టి ట్రంకు పెట్టెలో పెట్టా. మేస్త్రి గారూ, మిగిలింది డైనమో. బ్రష్షులు ఇక్కడ రెండు షాపుల్లో అడిగా, సైజు లేదంటున్నారు.


లేత్_ఆటోనగర్ (విజయవాడ)
ఆదివారం, సాయంత్రం 6:55

పెద్దాయనకి నా నమస్కారాలు చెప్పు తమ్ముడూ. బ్రష్షు సైజు కోసం తిరగమాకు. అరిగినవి రెండూ, స్ప్రింగులతో సహా ఒక డబ్బాలో వేసుకుని రా, పెద్ద బ్రష్షు తీసుకుని ఆ కొలతకి రుద్ది ఇస్తా. డైనమో కూడా తెచ్చెయ్, కమ్యుటేటర్ అదే పూటలో తీసేద్దాం. మంగళవారం సెలవు, బుధవారం పొద్దున్నే వచ్చెయ్.